అట్టముక్క మీద చుక్క

ముందు ఒక అట్టముక్క.
బత్తాయి పెట్టెది, నల్లగొండ మార్కెట్ ముద్ర ఇంకా పోలె.
రాత్రి ట్రాక్టర్ కింద పరిస్తె
తెల్లారేసరికి రూపాయి బిళ్లంత నల్ల చుక్క,
పక్కన ఇంకోటి, పావలంత.

మల్లేపల్లి మేస్త్రీ సంపు ప్యాకింగ్ మార్చిండు, పద్దెనిమిది వందలు.
హాలియా మేస్త్రీ ఎనక సీలన్నడు,
మొత్తం రెండు ముక్కలు చేసి వారం ఉంచుకున్నడు.
ఎంతైందో ఇంట్ల ఇప్పటికీ చెప్పలె.
అట్ట మారింది. చుక్క మారలె.

అప్పుడు నా మనసు డ్రైవర్ మీదికి పోయింది.
మట్టపల్లి, ఇరవై రెండేండ్ల పోరడు.
పడ్డ చుక్కలు పిడికెడు గావు,
డబ్బాల ఆయిల్ మాత్రం లీటర్ల లెక్కన తగ్గుతున్నది.
"పోసినవా, అమ్ముకున్నవా?" అన్న
హోటల్ కాడ, నలుగురి ముంగట.
వాడు సగం చాయ్ అట్లనే పెట్టి
తాళంచెవి గ్లాసు పక్కన పెట్టి
ఎండలకు నడిచి పోయిండు.

దేవరకొండ లతీఫ్ మామ పానా ముట్టలె.
"ముందు కడుగు" అన్నడు.
రెండు లీటర్ల డీజిల్, అరిగిన పండ్ల బ్రష్షు.
ఏడేండ్ల జిడ్డు వలిస్తె
కొన్ననాటి నీలం రంగు బయటపడ్డది.
ఆరినంక, ఎదురు కిరాణంల పౌడర్ డబ్బా తెప్పించి
తానం పోసిన పసిపిల్లకు మెడ కింద అద్దినట్టు
బోల్టు బోల్టుకు, మడత మడతకు చల్లిండు.
షెడ్డంత గులాబి వాసన.
పక్క షెడ్ల వెల్డింగ్ పిలగాడు కండ్లద్దాలెత్తి
"పెండ్లా మామా?" అని నవ్విండు.

స్టార్ట్ చేసినం. సెల్ లైటు నా చేతిల.
"చుక్క ఏడ పడుతదో చూడకు,
ఏడ తడుస్తదో చూడు.
ఆయిల్ కిందికి నడుస్తది, ఫ్యాన్ గాలికి ఎనకకు నడుస్తది.
పడ్డకాడ అది పుట్టదు."

పది నిమిషాలకు
తెలుపు మీద బూడిదరంగు నరం ఒకటి,
వాల్వ్ కవర్ అంచున.
ఇంకోటి ముందు పుల్లీ ఎనక.
ఇంకోటి గేజు పుల్ల మూతి కాడ.
నాలుగోది చూసి
మామ చెవి మీది బీడీ తీసి, మళ్ల చెవి మీదనే పెట్టుకున్నడు.
"నాలుగు కాడ కారుతుందంటే
నాలుగు తప్పులుండయి బిడ్డా."

ఆయిల్ పోసే మూత తిప్పిండు.
బుస్సుమన్నది.
ఎన్నొద్దుల సంది బిగబట్టిందో.

ఇంజన్ పక్కన వేలాడే బ్రీదర్ పైపుల
సైకిల్ పుల్ల పెట్టి పొడిస్తె
ఎర్రమట్టి రాలింది అరచేతిల.
గోరంత గోరంత అర్రలు,
ఒక అర్రల ఎండిన పచ్చపురుగులు మూడు,
రాని పిల్ల కోసం కట్టిపెట్టిన సద్ది.
కందిరీగ.

యాబైమూడు రోజులు ఫైనాన్సోళ్ల యార్డుల ఉన్నదిది.
మూడు కిస్తులు తప్పితె గుంజుకపోయిన్రు.
నేను గేటు అవుతల నిలబడి బతిమాలుతుంటె
లోపల ఒక తల్లి పురుగు
నోటితోటి మట్టి మోసి
నా పైపుల ఇల్లు కట్టుకున్నది.
దానికెవ్వరు నోటీసియ్యలె.

ఊపిరి పోయే తొవ్వ లేక
దొరికిన సందుల నుంచల్ల కక్కింది ఇంజన్.
నిలబడితె చుక్క, లోడు గుంజితె ధార.
డబ్బాల తగ్గిందంత
ఎత్తు ఎక్కేకాడ రోడ్డు తాగింది.
మట్టపల్లి తాగలె.

మామ నూరు రూపాయలే తీసుకున్నడు.
పైపు మూతికి దోమతెర పీలిక, రాగి తీగెతోటి.
మిగిలిన పౌడర్ డబ్బా తుడిచి నా చేతిల పెట్టిండు.

రాత్రి కొత్త అట్ట పరిచిన.
పొద్దుగాల ఒక చుక్క ఉన్నది, ఆవగింజంత.
సందుల మిగిలిన పాతదంటడు మామ.
ఇంకో రెండొద్దులు చూడమన్నడు.

వాడికి ఫోన్ కొట్టిన.
ఎత్తితె మొదలు ఏం మాట అనాల్నో కూడబలుక్కోలె,
రింగయితున్నది,
అట్ట చేతిల పట్టుకోని నిలబడ్డ.